ఉత్తరానికి తల

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఈ సామెత కట్టినవాడికి ఉబ్బసం లేదని నాకు గట్టి నమ్మకం. నాకు నిద్ర రావాలంటే మూడు దిండ్లు కావాలి. అవి ఒకదాని మీద ఒకటి గోడకు ఆనించి ఉండాలి, వాటికి ఆనుకుని నేను కూర్చోవాలి. పడుకుంటే ఊపిరి అందదు, కూర్చుంటే నిద్ర అందదు. పన్నెండో ఏట ఒక చలికాలంలో, మైదుకూరు దగ్గర మా పల్లెలో, ఇది నన్ను పట్టుకుంది. చలిగాలి కొట్టింది అన్నారు. అప్పటినుంచి నన్ను గాలికి దూరంగా దాచిపెట్టడం మా ఇంట్లో అందరికీ ఒక పని అయింది.

పదేళ్ళ తర్వాత, కర్నూలు రాజధాని అయిన కొత్తలో, ఆ ఊళ్ళో ఆడపిల్లల బడిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మా వంశంలో జీతం తెచ్చుకున్న మొదటి ఆడమనిషిని నేనే. ఊరు ఆఫీసులతో నిండిపోయి, గుమాస్తాలు డేరాల్లో కూర్చుని ఫైళ్ళు రాస్తున్న రోజులవి. గది దొరకడమే గగనమైతే, దేవుడి దయవల్ల పాత ఊళ్ళో ఒక సాయెబుల అవ్వ తన ఇంట్లో వెనక గది ఇచ్చింది. నాకు వండిపెట్టడానికి అమ్మ వచ్చింది. పంపిస్తూ మా నాయన ఒక షరతు పెట్టాడు.

"శివరాత్రికి నేనొస్తా. అప్పటికి గూడా రాత్రిళ్ళు ఇట్నే కూర్చోని తెల్లారబెడ్తాంటే, ఉద్యోగం వద్దు, ఏం వద్దు. ఇద్దరూ ఇంటికి రావాల."

ఆయన చెడ్డవాడు కాదు. రాత్రంతా నా ఊపిరి ఈలవేస్తుంటే పక్క గదిలో తానూ వింటూ పడుకున్నవాడు. కానీ ఆ ఉద్యోగం పోతే నేను మళ్ళీ ఇంట్లో రోగిష్టి పిల్లనే. బడిలో నన్ను రోగిష్టి అని ఎవరూ అనలేదు, టీచరమ్మ అన్నారు. ఆ మాట వదులుకోవడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

ఊరి పెద్దాసుపత్రిలో డాక్టరు తెల్లమాత్రలు రాసిచ్చాడు. వేసుకుంటే ఊపిరి సాఫీగా ఆడేది గానీ, గుండె దడదడమని కొట్టుకుంటూ తెల్లవార్లూ కన్ను మూతపడనిచ్చేది కాదు. వేసుకోకపోతే ఊపిరాడక మెలకువ, వేసుకుంటే ఊపిరాడుతూ మెలకువ. మర్నాడు బడిలో బోర్డు మీద లెక్క వేస్తూ మధ్యలో ఏ అంకె దగ్గరున్నానో మరిచిపోయేదాన్ని.

నిద్ర లేనివాళ్ళకు నిద్ర మీద ఉన్నంత ఆసక్తి నిద్రపోయేవాళ్ళకు ఉండదు. నేను నిద్రపోయేవాళ్ళను చూడ్డం ఒక అలవాటుగా పెట్టుకున్నాను. రైల్వే స్టేషన్ ముందు జట్కావాడు పగ్గాలు చేతిలో ఉంచుకునే నిద్రపోయేవాడు, గుర్రం కూడా నిద్రపోయేది. మా బడి నౌకరు గంట కొట్టే సుత్తి పట్టుకుని నిలబడే కునికేవాడు, సరిగ్గా గంట వేళకు లేచేవాడు. వీళ్ళందరిలోకీ గొప్ప మా అమ్మ. నడుం వాల్చిందంటే మాట సగంలో ఉండగానే నిద్రపోయేది. "రేపు గోంగూర తెచ్చి..." అని ఆగిపోయేది. తెచ్చి ఏం చేస్తుందో నాకు తెల్లవారితే గానీ తెలిసేది కాదు. ఎట్లా పోతావమ్మా నిద్ర, ఏ గడియలో పోతున్నట్టు తెలుస్తుందా అని ఒకరోజు అడిగాను.

"నిద్రెట్ల పోతారంటే ఏం జెప్పాల పాపా? పోతారు, అంతే" అంది.

ఇప్పుడు మా గది గురించి చెప్పాలి. అది ఉత్తర దక్షిణాలుగా పొడుగు, వెడల్పు నా నులకమంచం పొడవుకంటే తక్కువ. అంటే మంచం అడ్డంగా పట్టదు. తల తూర్పుకో పడమరకో పెడదామన్నా కుదరదు. ఉత్తరపు గోడకు ఒక చిన్న కిటికీ, తుంగభద్ర వైపు. దక్షిణపు మూల మూడు గోనెమూటలు, రెండు జొన్నలవి, ఒకటి కొర్రలది. కొన్న గింజలు తింటే ఒంటికి బలం రాదని అమ్మ మా చేని గింజలు బస్సు మీద వేయించి తెచ్చుకుంది. కింద బేతంచెర్ల బండలు చల్లగా ఉండేవి. వాటి మీద చాప వేసుకుని అమ్మ నా మంచం పక్కనే పడుకునేది.

ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదని తెలుగువాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. గింజల వైపు కాళ్ళు చాపకూడదనీ నేర్పనక్కరలేదు, గింజ లక్ష్మి కదా. రెండు శాస్త్రాలూ ఒకటై నా తలను దక్షిణానికి, మూటల పక్కకు తోశాయి. రోజూ సాయంత్రం అమ్మ ఆ మూట విప్పి, నా తలగడ పక్కన కూర్చుని, రేపటి జొన్నలు చేటలో చెరిగేది. నేను దిండ్లకు ఆనుకుని పిల్లల పలకలు దిద్దుతూ దగ్గేదాన్ని. చలిగాలి, చలిగాలి అని అమ్మ కిటికీ వైపు కోపంగా చూసేది.

సంక్రాంతి వెళ్ళిన ఒక ఆదివారం మధ్యాహ్నం, మంచానికి తలవైపు నులక పుటుక్కున తెగింది. అమ్మ కొత్త నులక కొనడానికి బజారుకు పోయింది. తెగిన వైపు గుంటపడి కూర్చోవడానికి లేకపోయింది. మంచం తిప్పే ఓపిక నాకు లేదు. దిండ్లు తెచ్చి ఉత్తరపు గోడకు వేసుకుని, కిటికీ కింద కూర్చున్నాను. అమ్మ వచ్చేలోపు లేద్దాంలే అనుకున్నాను. అంతే నాకు గుర్తు.

ఎవరో రెండు భుజాలు పట్టి కుదిపితే కళ్ళు తెరిచాను. ఎదురుగా అమ్మ, తలుపు దగ్గర ఇంటి అవ్వ. నులక చుట్ట నేల మీద దొర్లి ఉంది. అమ్మ ఏడుస్తోంది. ఏమైందమ్మా అన్నాను.

"నువ్వు పండుకోని ఉండావే" అంది.

దిండ్ల మీదనుంచి ఎప్పుడు జారానో, మంచం మీద వెల్లకిలా పడి రెండు గంటలు నిద్రపోయాను. పదేళ్ళుగా కూతురు వెల్లకిలా పడుకోవడం ఎరగని తల్లి, నేను ప్రాణంతో లేననుకుంది. పాపం, అనుకోక ఏం చేస్తుంది? నాకు మాత్రం నవ్వు ఆగలేదు. నవ్వుతూ, ఊపిరి గుండెల అడుగుదాకా పోతోందని గమనించాను. ఆ సంగతి చెప్పబోయేంతలో అమ్మ ఏడుపు ఆపి నా తలను, గోడను, మళ్ళీ నా తలను చూసింది.

"ఉత్తరానికి పెట్టినావా?"

ఆ రోజు మొదలైంది మా ఇద్దరికీ యుద్ధం. నాకు నిద్ర వచ్చిన దిక్కు ఏదో తెలిసింది, ఇక ఆ దిక్కునే పడుకుంటానని నేను. అమ్మ చవితినాటి ఏనుగును తెచ్చి మధ్యలో నిలబెట్టింది.

"ఆ ఏనుగు ఏం తప్పు చేసినాదని? ఉత్తరానికి తల పెట్టి పండుకునింది, అంతే. నరికి ఎత్తకపోయినారు."

"ఆ తలకు ఊరూరా పూజలు జరుగుతాండాయి గదమ్మా."

"తలకు జరుగుతాండాయిలే. మొండేన్ని అడుగు పో."

నేను టీచర్ని కదా. మర్నాడు మూడో తరగతిలో దిక్కుల పాఠం చెప్పి, ఇంటికి పోయి మీ మీ తలలు రాత్రి ఏ దిక్కున ఉంటాయో చూసి రమ్మన్నాను. పిల్లలు మహా ఉత్సాహంగా చూసి వచ్చారు. ఒక్క గదిలో ఎనిమిది మంది పడుకునే ఇళ్ళలో శాస్త్రం చాపలకు సరిపడలేదు. పదిమందికి పైగా పిల్లలు ఉత్తరానికే తల పెట్టి నిద్రపోతున్నారు, బొద్దుగా ఉన్నారు. ఈ సాక్ష్యం తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

"వాళ్ళకు ఉబ్బసం ల్యాదు గదా" అంది అమ్మ. "వాడు వస్తే యాడికి వస్తాడు? మెత్తగా ఉండేటోళ్ళ కాడికే వస్తాడు."

వాడంటే యముడు. మా ఇంట్లో ఆ పేరు పలకరు.

ఇంటి అవ్వ గుమ్మంలో కూర్చుని తమలపాకు నములుతూ అంతా విన్నది. "మాకేమో పడమటికి కాళ్ళు సాపగూడదు, మీకేమో ఉత్తరానికి తల పెట్టగూడదు. నువ్వూ నేనూ ఒక గదిలో పండుకుంటే ఇంక కూర్చునేదే, బేటీ" అంది. అమ్మ కూడా నవ్వింది. నవ్విన మనిషిని ఒప్పించడం తేలిక అని నేను అప్పుడే పట్టుకున్నాను. శివరాత్రి ఇరవై రోజుల్లోకి వచ్చింది, నాయన వచ్చి నన్ను తీసుకుపోతాడు, పదిరోజులు నా దిక్కున పడుకోనీ, కుదరకపోతే నీ దిక్కే అన్నాను. అమ్మ చాలాసేపు నులక ముడులు బిగిస్తూ కూర్చుంది. తర్వాత లేచి, చలిగాలి రాకుండా కిటికీకి గోనెపట్ట కొట్టి, నా దిండ్లు తనే ఉత్తరపు వైపు వేసింది. కాళ్ళవైపు మూటలకు పసుపు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఆ సాయంత్రంనుంచి జొన్నలు చెరగడం నా తల దగ్గరకు జరగలేదు, మూటల దగ్గరే ఉండిపోయింది.

తలుపు వెనక సుద్దముక్కతో లెక్క మొదలుపెట్టాను. నిద్రపోయిన రాత్రికి సున్న, కూర్చున్న రాత్రికి గీత. మొదటి రాత్రి గీత, అది ఆత్రానికి. తర్వాత సున్న. మరో సున్న. మూడు దిండ్లు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. పొద్దున లేచి, నిద్ర ఎప్పుడు పట్టిందా అని వెతుక్కుంటే దొరికేది కాదు. అమ్మ చెప్పింది నిజమే, పోతారు, అంతే. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. బడిలో పాటలు పాడించాను. లెక్కలు తప్పలేదు.

ఆ రోజుల్లోనే సంగటి అడుగంటింది. ఇంకోరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. చేట ఒళ్ళో పెట్టుకుని అమ్మ కునుకుతుంటే జొన్నలు బండల మీద పడి దొర్లాయి. నేను ఏరిపెట్టి, వయసు మీదపడుతోందమ్మా నీకు అని ఎగతాళి చేశాను. ఊళ్ళో జట్కావాడి నిద్ర దగ్గరనుంచి అందరి నిద్రా గమనించినదాన్ని, పక్కన పడుకున్న మనిషిది గమనించలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పదకొండో రోజు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. తలుపు సందులోంచి కొంచెం వెలుతురు పడుతోంది. పక్కకు తిరిగి చూస్తే అమ్మ పాదాలు ఉండాల్సిన చోట అమ్మ తల ఉంది. లేచి సరిగ్గా చూశాను. చాపను గోడకు ఆనించి, నా తలకంటే ముందుగా, కిటికీ కిందనే తల పెట్టి పడుకుంది. ఉత్తరానికి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"నువ్వేందిమా ఇట్ల పండుకున్యావు?"

"ఊరికే."

"రోజూ ఇట్నేనా?"

పైకప్పు చూస్తూ, పెద్ద విషయం కానట్టు చెప్పింది. "వచ్చేటోడు ఆ కిటికీలోంచే గదా రావాల. ఫస్టు నా తల తగుల్తాది. సీకట్లో వానికేం తెలుస్తాది, ఎవురిదని. తీసుకోని పోతాడు."

"మరి నిద్రపోవా?"

"పోతే ఎట్ల? వాడు వచ్చినప్పుడు నువ్వు దగ్గితివంటే? నీ పక్క తిరుగుతాడు. నేను దగ్గల్ల గదా."

నాకు మండిపోయింది. అమ్మ మీద, ఏనుగు మీద, అన్నిటికంటే ఎక్కువగా నా మీద. పదిరాత్రులు నేను సున్నలు చుట్టుకుంటూ కూర్చున్నది అమ్మ పోగొట్టుకున్న నిద్ర లెక్క. నడుం వాలిస్తే మాట పూర్తిచేయలేని మనిషి, నేను దగ్గితే తానూ దగ్గి యముడిని మోసం చేయడానికి కళ్ళు తెరుచుకుని పడుకుంది. పెద్దగా ఏడ్చాను. ఏడుపుకు ఊపిరి పట్టేసింది. అమ్మ నా వీపు రాస్తూ, "సూడు, నేను సెప్పలా" అంది. ఏనుగు గెలిచిందనుకుంది.

ఏడ్చాక బడికి పోలేదు, కబురు పంపి మంచం మీద కూర్చుని తలుపు వెనక లెక్క చూస్తూ ఆలోచించాను. ఉత్తరం వల్ల నిద్ర వచ్చిందని నేను అనుకున్నది నిజమైతే ఇంట్లో ఒకరికే నిద్ర. అందుకని అది నిజం కాకూడదని మొదటిసారి కోరుకున్నాను. తల ఇటు తిరిగితే మారిందేమిటి? నది గాలి అనుకున్నాను, కానీ కిటికీకి అమ్మ గోనెపట్ట కొట్టింది. చీమ దూరే సందు లేదు. గాలి రాలేదు, అయినా నిద్ర వచ్చింది. అంటే నా తలకు దగ్గరైంది ఏదీ లేదు. దూరమైంది ఏదో ఉండాలి. గదికి అవతలి కొసన చూస్తే మూడు మూటలు, పసుపుబొట్లతో.

లేచి వెళ్ళి జొన్నమూట విప్పాను. రెండు చేతులతో గింజలు తీసి, ముఖం దగ్గర వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాను. మూడో ఊపిరికి గొంతు బిగుసుకుంది. ఈలపాట మొదలైంది. నాకు పన్నెండో ఏడు గుర్తొచ్చింది. ఆ చలికాలంలో చలి ఒక్కటే లేదు, కళ్ళంలో జొన్నలు తూర్పారబడుతున్నారు, నేను పక్కనే ఆడుకుంటున్నాను. గాలిని తిట్టారు గానీ, గాలి మోసుకొచ్చినదాన్ని ఎవరూ అడగలేదు. దగ్గుతూ దగ్గుతూ నవ్వాను. దాన్ని చూసి అమ్మ భయపడింది.

చెప్తే ఒప్పుకోలేదు. భయంకంటే దీనికి ఎక్కువ నొచ్చుకుంది. "మన గింజలా? మీ నాయిన దున్ని పండిచ్చిన గింజలు నీ గొంతు పట్టుకుంటాయా? బలానికని బస్సుకు దుడ్లిచ్చి మోసకొస్తి గదా" అంది. ఆ ముఖం చూస్తే పరీక్ష వద్దు ఏం వద్దు అనిపించింది. కానీ అమ్మకు నిద్ర కావాలి. మంచం నీ దిక్కుకే తిప్పుతా, దక్షిణానికే తల పెడతా, మూటలు మాత్రం గదిలో వద్దు అన్నాను. దక్షిణం అనగానే అమ్మ మెత్తబడింది. ఇంటి అవ్వ వచ్చి, "మా అటక ఖాళీగానే ఉండాది. మీ లక్ష్మిని మా ఇంట్లో కూర్చోబెడ్తే నాకేమన్నా నష్టమా?" అంది. మూటలు అటకెక్కాయి. చెరగడం అవ్వ వసారాలోకి మారింది. గది కడిగాం, గోనెపట్ట పీకేశాం.

ఆ రాత్రి దక్షిణానికి తల పెట్టుకున్నాను. గీత. రెండో రాత్రి సున్న. మూడోది సున్న. నాలుగో రాత్రి నేను దిండు సర్దుకుంటుంటే, "రేపు అవ్వకు రెండు రొట్టెలు..." అని అమ్మ ఆగిపోయింది. ఆ సగం మాట విని ఎంతసేపు మేలుకుని ఉన్నానో, అది మాత్రం ఉబ్బసం వల్ల కాదు.

కానీ చాప తిప్పలేదు. నా తల దక్షిణానికి వచ్చినా అమ్మ తల కిటికీ కిందనే. ఇంకెందుకమ్మా అంటే, "ఉండనీలే. ఒకసారి సూసిపోయినోడు మళ్ళా రాడని ఏముండాది?" అంది. ఇప్పుడు అట్లాగే తల పెట్టి గుర్రుపెట్టి నిద్రపోయేది.

శివరాత్రికి నాయన వచ్చాడు, భుజాన కొత్త జొన్నల మూటతో. ఉత్తచేతులతో ఎట్లా వస్తాడు? తెచ్చి నా తల దగ్గర దించబోతే అమ్మ అడ్డం వచ్చింది. "ఆ మూట ఈడ వద్దు. అవ్వ అటక మీద ఉండనీ" అంది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఆ రాత్రి వాళ్ళిద్దరూ జాగారం. నేను ఒక్క పొద్దు ఉన్నాను, జాగారం కూడా ఉందామనే కూర్చున్నాను. పదేళ్ళు రోజూ ఉన్నదాన్ని, ఈ ఒక్కరోజు ఒక లెక్కా అనుకున్నాను. తెల్లవారి నాయన లేపితే లేచాను. ఊరంతా మేలుకున్న రాత్రి నిద్రపోయిన పాపాత్మురాలిని నేనొక్కదాన్నే. నాయన తలుపు వెనక సున్నలు చూసి, నా ముఖం చూసి, అటు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అమ్మతో అన్నాడు.

"పాపకు నిద్ర వచ్చింది గదా. ఇంగ నువ్వు పా. ఇంటికాడ గొడ్లు, చేను, ఒక్కన్నే చేసుకోలేకపోతాండా."

నేను గెలిచాను. ఉద్యోగం ఉంది, గది ఉంది. గెలిస్తే అమ్మ వెళ్ళిపోతుందని ఇన్నిరోజుల్లో ఒక్కసారి కూడా తోచలేదు నాకు.

బస్సు మధ్యాహ్నానికి. అమ్మ నాకు పచ్చళ్ళు సర్దింది, రొట్టెలు చేసి గుడ్డలో చుట్టింది. అవ్వకు నన్ను అప్పగించింది. తన చీరలు మూట కట్టుకున్నాక చాప చుడుతుందేమోనని చూశాను. చుట్టలేదు. చాపను కిటికీ కిందకు లాగి సరిచేసింది. తన పాత చీర ఒకటి మడిచి, తలంత ఎత్తు చేసి, ఉత్తరపు కొసన పెట్టింది. మరో చీర దాని కిందుగా పొడుగ్గా పరిచింది. దూరంనుంచి చూస్తే ఎవరో ముసుగుతన్ని పడుకున్నట్టే ఉంది.

"దీన్ని ఎత్తాకు పాపా. ఊడ్చేటప్పుడు గూడా సుట్టూ ఊడ్చుకో" అంది. "నేనీన్నే ఉండాననుకుంటాడు."

అన్నీ సున్నలే చుట్టానని చెప్పను. ఉబ్బసం ఎక్కడికీ పోలేదు. వారానికి ఒకటో రెండో గీతలు పడుతూనే ఉన్నాయి, వానాకాలంలో వరసగా పడ్డాయి. అట్లాంటి రాత్రుల్లో దిండ్లకు ఆనుకుని, కిటికీ కింద ఆ చీరను చూస్తూ కూర్చునేదాన్ని. దగ్గు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నగా దగ్గేదాన్ని. ఆ గదిలో నాలుగేళ్ళున్నాను. చాప ఎత్తలేదు.